క్వీన్ ఎలిజబెత్ 2: ఓ మహానౌక కథ

ఈ ఓడ పుట్టిల్లు స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్. క్లైడ్ నది ఒడ్డున జాన్ బ్రౌన్ షిప్‌యార్డులో 1965 జులైలో దీనికి కీల్ వేశారు. అంతకుముందు క్వీన్ మేరీ, క్వీన్ ఎలిజబెత్ ఓడలు తయారైందీ ఆ యార్డులోనే. 1967 సెప్టెంబరు 20న బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ చేతుల మీదుగా ఈ ఓడ జలప్రవేశం చేసింది. ఆ పెద్ద ఓడల జలప్రవేశానికి 1934లో ఆమె నాయనమ్మ, 1938లో ఆమె తల్లి వాడిన బంగారు కత్తెరతోనే రాణి ఆ రోజు రిబ్బను కత్తిరించారు.

నిజానికి అది ఓడలకు మంచి కాలం కాదు. 1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు మొదలయ్యాక, అయిదు రోజుల ప్రయాణం కొన్ని గంటలకు తగ్గింది. ఓడ ఎక్కేవారు ఏటికేడు పలచబడ్డారు. యజమాని అయిన కునార్డ్ కంపెనీ అందుకే రెండు పనులకూ పనికొచ్చే ఓడను కోరుకుంది. వేసవిలో సౌతాంప్టన్, న్యూయార్క్‌ల మధ్య నడవాలి, చలికాలంలో వెచ్చని సముద్రాల్లో విహారయాత్రలు చేయాలి. ఓడ కొలతలన్నీ ఈ లెక్కతోనే తేలాయి. అప్పట్లో పనామా కాలువ లాకుల వెడల్పు సుమారు 33.5 మీటర్లు. క్వీన్ మేరీ అందులో పట్టేది కాదు. అందుకని 293 మీటర్ల పొడవున్న ఈ ఓడను 32 మీటర్ల వెడల్పుకే పరిమితం చేశారు. పై అంతస్తులను ఉక్కుతో కాక అల్యూమినియంతో కట్టారు. దాంతో బరువు తగ్గి, నీటిలో మునిగే లోతు పాత క్వీన్ల కన్నా సుమారు రెండు మీటర్లు తగ్గింది. పాత ఓడలు లోపలికి రాలేని రేవుల్లోకి కూడా ఇది వెళ్లగలిగింది.

మూడు బాయిలర్లు, రెండు ప్రొపెల్లర్లు, 1,10,000 హార్స్‌పవర్ ఆవిరి టర్బైన్లు తొలినాటి యంత్రబలం. పరీక్షల సమయంలో టర్బైన్లు మొరాయించడంతో సర్వీసు ఆలస్యమైంది. 1969 మే 2న ఓడ సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కు తొలి ప్రయాణం మొదలుపెట్టింది. మామూలు వేగం 28.5 నాట్లు, అంటే గంటకు సుమారు 53 కిలోమీటర్లు. 1971 జనవరిలో కరీబియన్‌లో ఫ్రెంచి ఓడ ఆంటిలెస్ మంటల్లో చిక్కుకున్నప్పుడు అందులోని ప్రయాణికులను ఎక్కించుకుంది. 1972 మేలో నడిసముద్రంలో ఉండగా, ఓడలో బాంబులు పెట్టామనీ, 3,50,000 డాలర్లు ఇవ్వాలనీ కంపెనీకి బెదిరింపు వచ్చింది. బాంబు నిపుణులు విమానంలోంచి పారాచూట్లతో అట్లాంటిక్‌లో దూకి ఓడెక్కి వెతికారు. బెదిరింపు ఉత్తిదేనని తేలింది. 1975లో తొలిసారి ప్రపంచయాత్ర చేసింది. అలాంటి యాత్రల్లో ముంబయి కూడా ఒక మజిలీ అయింది.

1982లో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో యుద్ధం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం ఈ ఓడను సైన్యం కోసం తీసుకుంది. రూపం మార్చడానికి పట్టింది వారం పైచిలుకు మాత్రమే. పైడెక్కులపై హెలికాప్టర్లు దిగడానికి ఉక్కు వేదికలు లేచాయి. సైనికుల బూట్ల కింద నలగకుండా తివాచీలపై హార్డ్‌బోర్డు పలకలు పరిచారు. మే 12న గూర్ఖాలు, స్కాట్స్ గార్డ్స్, వెల్ష్ గార్డ్స్ దళాలతో సుమారు 3,000 మందిని ఎక్కించుకుని బయలుదేరింది. సిబ్బందిలో 650 మంది తమంతట తాముగా వెంట వచ్చారు. దక్షిణ అట్లాంటిక్‌లో శత్రువు కంట పడకుండా కిటికీలను నల్లగా మూసి, రాడార్ ఆపేసి, మంచుకొండల మధ్య చీకట్లో నడిచింది. సౌత్ జార్జియా దీవి దగ్గర సైనికులను వేరే ఓడలకు అప్పగించింది. మునిగిపోయిన ఆర్డెంట్, యాంటెలోప్, కోవెంట్రీ యుద్ధనౌకల నావికులు సుమారు 640 మందితో జూన్ 11న సౌతాంప్టన్ చేరింది.

చమురు ధరలు పెరిగేకొద్దీ ఆవిరి టర్బైన్లు తెల్లఏనుగులయ్యాయి. 1986 అక్టోబరులో జర్మనీలోని బ్రెమర్‌హావెన్ యార్డులో బాయిలర్లు, టర్బైన్లు ఊడదీసి తొమ్మిది డీజిల్ ఇంజన్లు అమర్చారు. ఇవి ప్రొపెల్లర్లను నేరుగా తిప్పేవి కావు. విద్యుత్తును పుట్టించేవి. దానితో 44 మెగావాట్ల మోటార్లు రెండు, ఒక్కో ప్రొపెల్లర్‌కు ఒకటి చొప్పున తిరిగేవి. తొమ్మిది ఇంజన్ల పొగగొట్టాలు పట్టడానికి చిమ్నీని కూడా లావు చేశారు. 1987 వసంతంలో ఓడ తిరిగి సముద్రం మీదికి వచ్చింది. ఇంధన ఖర్చు సుమారు మూడో వంతు తగ్గింది.

1992 ఆగస్టు 7న అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో, కటీహంక్ దీవి దగ్గర, పటంలో లేని బండ ఓడ అడుగుకు గీసుకుంది. ఆ చోట లోతు కొలిచింది 1939లో. దానికి తోడు, లోతు తక్కువ ఉన్న చోట ఓడ వేగంగా పోతే అడుగున నీరు జోరుగా పారి ఒత్తిడి తగ్గుతుంది. ఓడ మామూలు కన్నా కిందికి కుంగుతుంది. ఆనాడు జరిగింది అదే. అడుగు రేకులు దెబ్బతిన్నాయి గానీ ప్రాణనష్టం లేదు. 1995 సెప్టెంబరులో లూయిస్ తుపాను సమయంలో సుమారు 29 మీటర్ల అల ఎదురైంది. కెప్టెన్ నిలబడే బ్రిడ్జి ఎత్తుకు సమానమైన అల అది. దాన్ని ముక్కుతో ఢీకొని దాటింది.

2004లో అట్లాంటిక్ సర్వీసు క్వీన్ మేరీ 2 చేతికి వెళ్లింది. ఈ ఓడకు విహారయాత్రలే మిగిలాయి. 2007లో దుబాయ్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ దీన్ని 10 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2008 నవంబరు 11న సౌతాంప్టన్ నుంచి చివరిసారి బయలుదేరి, ఆ నెలాఖరున దుబాయ్ చేరింది. అప్పటికి 800కు పైగా అట్లాంటిక్ ప్రయాణాలు, 25 ప్రపంచయాత్రలు పూర్తయ్యాయి. 25 లక్షల మందిని మోసింది. ఆర్థిక మాంద్యం వల్ల దీన్ని హోటల్‌గా మార్చాలన్న పథకం ఆగిపోయి, రేవులో దాదాపు పదేళ్లు కట్టేసి ఉంది. చివరకు 2018 ఏప్రిల్ 18న మినా రషీద్ రేవులో తేలే హోటల్‌గా తలుపులు తెరుచుకుంది.

వేగంలోనో, వైభవంలోనో ఈ ఓడను మించినవి ముందూ ఉన్నాయి, తర్వాతా వచ్చాయి. నాలుగు దశాబ్దాల పాటు సముద్రం మీద నిలిచిందంటే, ఏ పని అప్పగిస్తే ఆ పనికి ఒదిగినందువల్లనే.