నడిసముద్రంలో చిన్నపిల్లల బంతి

కర్నూలుకు రాజధాని వచ్చింది, పోయింది. 1953 అక్టోబరు 1న వచ్చి, 1956 నవంబరులో మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయింది. హైకోర్టు వస్తుందన్నారు, ఇంకా దారిలోనే ఉంది. 2021 మార్చిలో ఓర్వకల్లు దగ్గర విమానాశ్రయం మాత్రం నిజంగానే వచ్చింది. ఇక కర్నూలుకు గానీ కడపకు గానీ రావలసింది సముద్రం ఒక్కటే. దాన్ని తెస్తామని ఏ పార్టీ ఇంకా మాటివ్వలేదు. ఇచ్చిన వారానికే శంకుస్థాపన రాయి పడుతుంది, నాకు అనుమానం లేదు.

అది రాదని తేలాక మనమే బయల్దేరాం. కొడుకు బెంగుళూరులోనో కూతురు డల్లాసులోనో సాఫ్ట్‌వేరు చేస్తున్న ఇళ్లలో తిరుపతి, షిర్డీ, కాశీ అయిపోయాక మిగిలిన మొక్కు క్రూయిజే. 2022 జూన్‌లో కార్డీలియా వారి ‘ఎంప్రెస్’ ఓడ చెన్నై నుంచి విశాఖకు వచ్చింది. మరుసటేడు సెప్టెంబరులో విశాఖ రేవులో క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. అంతే, నంద్యాల, ప్రొద్దుటూరు పెళ్లిళ్లలో పలకరింపు మారింది. “ఆరోగ్యమెట్లుంది?” పోయి, “ఇంగా ఓడెక్కలేదా?” వచ్చింది.

ఓడ ప్రయాణం సీమకు కొత్త అనుకునేవాళ్లకు ఒక మాట. సుంకేసుల నుంచి కడప దాకా పోయే కె.సి. కెనాల్ ఉంది చూశారా, దాన్ని 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వింది పంటకు మాత్రమే కాదు, పడవలకు కూడా. ఇంగ్లండులో షేర్లు అమ్మి, అయిదు శాతం వడ్డీకి సర్కారు చేత హామీ రాయించుకుని మరీ తవ్వారు. అంటే కర్నూలు నుంచి కడపకు జలవిహారం అనే బుద్ధి మనవాళ్లకు కాకపోయినా దొరలకు ఎప్పుడో పుట్టింది. నీళ్లు కొనడానికి రైతులు ముందుకు రాలేదు, కంపెనీకి లాభం కళ్లబడలేదు, చివరికి 1882లో సర్కారే కాలువను కొనేసింది. ఇప్పుడు నీళ్లు వదిలిన రోజుల్లో అందులో ఎనుములు విహరిస్తాయి. దూడలను వెంటబెట్టుకునే వస్తాయి, ఏ ఒడ్డునా ఎవరూ ముఖం చిట్లించరు.

ముఖం చిట్లించడం సంగతి చెప్పాలనే ఇదంతా.

మా దూరపు బంధువు ఒకాయన పోయిన సెలవుల్లో కుటుంబంతో ఓడెక్కాడు. ఏ ఓడో చెప్పను, కథలో దాని తప్పేమీ లేదు. ఆయన, భార్య, నాలుగేళ్ల కొడుకు, ఆయన అమ్మానాయనలు. పిల్లోడికి వాళ్లు జేజి, అబ్బ. ఓడలో తిండికి కరువుండదని తెలిసిందే. టికెట్‌లో కలిసిన భోజనశాల ఒకటి, పొద్దుట్నుంచి నడిరేయి దాకా బఫే ఇంకొకటి. పిల్లోడు బఫేలో పూరీ ఒక చేత, పుచ్చకాయ ముక్క ఒక చేత పట్టుకుని రెండు రోజులు రాజాలా తిరిగాడు. మూడో రోజు తండ్రికి అనుమానం పట్టుకుంది. ఇంత డబ్బు పెట్టినా పిల్లోడు ఏ ఇబ్బందీ లేకుండా సంతోషంగా ఉన్నాడంటే మనం ఎక్కడో తప్పు చేస్తున్నాం.

ఆ తప్పు దిద్దడానికే ఓడల్లో ఇంకో రకం హోటలు ఉంటుంది. అన్నీ టికెట్‌లోనే ఉంటే గొప్పవాడెవడో మామూలువాడెవడో ఎట్లా తెలుస్తుంది? అందుకని టికెట్‌లో లేని హోటలు ఒకటి పెట్టి, తలకింత అని వేరే రుసుము కట్టించుకుని, దీపాలు తగ్గిస్తారు. దీపాలు ఎంత తగ్గితే బిల్లు అంత పెరుగుతుందన్నది ప్రపంచమంతటా చెల్లే సూత్రం. మా ఊళ్లో కరెంటు పూర్తిగా పోతుంది కాబట్టి ఆ లెక్కన మేం చక్రవర్తులం.

అక్కడికి పోవాలంటే దుస్తుల నియమం ఒకటుంది: మగవాళ్లు నిక్కరు వేసుకోరాదు. అబ్బ పంచెలో వచ్చాడు. గుమ్మం దగ్గరున్న అమ్మాయి నియమాల పుస్తకం తిరగేసింది. పంచె నిక్కరు కాదు, ప్యాంటూ కాదు. నియమం రాసినవాళ్లు చాగలమర్రి వైపు ఎప్పుడూ వచ్చినట్టు లేదు. చివరికి పొడవు చూసి లోపలికి పంపింది. పిల్లోడికి మాత్రం సూటు, బో టై. ఎనిమిదిన్నరకు కూర్చున్నారు. ఇంటి దగ్గరైతే ఆ పాటికి వాడు ఒక నిద్ర తీసేవాడు.

మొదటి వంటకం వచ్చింది. ఎద్దులబండి చక్రమంత పళ్లెం, దాని మధ్యలో ఏదో నురగ, నురగ మీద ఒక ఆకు. పిల్లోడు వంగి చూసి, హాలంతా వినబడేట్టు అడిగాడు:

“జేజీ, ఇది ఎవురు తినేసి పెట్టినారు?”

వడ్డించే అబ్బాయి చలించలేదు. ఆ ఆకు ఎక్కడ పెరిగింది, నురగను ఎట్లా చేశారు, దాన్ని ఏ వైపు నుంచి మొదలుపెట్టి తినాలి, అంతా నెమ్మదిగా వివరించాడు. పెద్దవాళ్లు నలుగురూ అర్థమైనట్టు తలలాడించారు. పిల్లోడు మాత్రం ప్రతి వాక్యానికీ “ఊ… ఊ…” అని ఊ కొట్టాడు. కథ చెబుతున్నారనుకున్నాడు పాపం. ఆ ఓడలో ఆ అబ్బాయి మాటలను అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఇంకెవరైనా ఉంటారా అని నా సందేహం. చివర్లో “అయిపాయనా? మళ్లా రాజేమైనాడు?” అని అడిగితే అతనికి జవాబు దొరకలేదు.

రెండో వంటకానికి, మూడో వంటకానికి నడుమ చాలాసేపు పట్టింది. ఖరీదైన చోట ఎడం కూడా వంటకమే, పెద్దవాళ్లు దాన్ని మాటలు నంజుకుని తింటారు. నాలుగేళ్లవాడు ఏం నంజుకోవాలి? చెంచా పట్టుకున్నాడు. అది జారి కింద పడింది. హాలులో తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఒక పెద్దావిడ నిట్టూర్చింది. ఒకాయన భార్య చెవిలో, ఇట్లాంటి చోటికి పిల్లల్నెందుకు తెస్తారో అన్నాడు, తెలుగులోనే అన్నాడు.

సరిగ్గా ఆ సమయంలో పక్క టేబుల్ దగ్గర ఒక పెద్దమనిషి, నడిసముద్రంలో ఇంటర్నెట్ ప్యాకేజీ కొన్నందుకు గిట్టుబాటు కావాలి కదా, వీడియో కాల్ పెట్టి ఓర్వకల్లు దగ్గర వెంచరు గురించి మాట్లాడుతున్నాడు. స్పీకరు ఆన్. “గజం ఆ రేటుకు రాదప్పా, రోడ్డు బిట్టు అది, రిజిస్ట్రేషన్‌కు శుక్రవారం కూర్చుందాం” అని అరుస్తున్నాడు. ఒక్క తలా తిరగలేదు. కింద పడిన చెంచా అల్లరట, మీద పడిన వెంచరు హోదా అట. పిల్లలను గొప్ప హోటళ్లకు తీసుకుపోవచ్చా అన్న చర్చలో నేను విన్న వాదనలన్నీ ఈ ఒక్క తూకం దగ్గర తప్పుతాయి.

కోడలు సంచిలోంచి ఫోను తీసి పిల్లోడి చేతికిచ్చింది, శబ్దం తీసేసి. క్షణంలో వాడు మాయమయ్యాడు, కుర్చీలో సూటు ఒక్కటే మిగిలింది. నోట్లో ఏం పెడుతున్నారో చూడకుండా నాలుగు ముద్దలు మింగాడు. ఇందాక నిట్టూర్చిన పెద్దావిడ లేచి వచ్చి, ఎంత బుద్ధిగా పెంచారమ్మా అని మెచ్చుకుని పోయింది.

ఛార్జింగ్ అయిపోయాక వాడికి ఆకలి గుర్తొచ్చింది. అప్పుడు జేజి రంగంలోకి దిగింది. వడ్డించే అబ్బాయిని పిలిచి “నాయనా, రోంత అన్నం, రోంత పెరుగు” అంది. కొడుకు సిగ్గుతో మెనూ వెనక దాక్కున్నాడు. ఆ అబ్బాయిది పాలక్కాడు. పెరుగన్నం అనగానే ఇందాకటి నుంచి బిగించుకున్న ముఖం విప్పాడు, లోపలికి పోయి రెండు గిన్నెలు తెచ్చాడు. ఆమె చెయ్యి కడుక్కొచ్చి, ఉప్పు వేసి, మెత్తగా పిసికి, ఒక్కో ముద్దకు ఒక్కో దొంగను, ఒక్కో దయ్యాన్ని ఎరవేసి అంతా తినిపించింది. వాడు ఆమె ఒళ్లోనే పడి నిద్రపోయాడు. ఆ రాత్రి ఆ హోటల్లో కడుపు నిండినవాడు వాడొక్కడే, చిన్నపిల్లలకు రుసుము లేదు కాబట్టి బిల్లు లేనివాడూ వాడొక్కడే. మిగతా నలుగురూ డబ్బు కట్టి, పదకొండు గంటలకు బఫేకు పోయి పూరీలు తిన్నారు.

పిల్లల వైపే మాట్లాడుతున్నానని అవతలి పక్షం అలిగేట్టుంది. వాళ్లకూ ఒక న్యాయం ఉంది. ఎన్నాళ్లకో పిల్లల్ని తాతా అవ్వల దగ్గర వదిలి, ఒక్కపూట ప్రశాంతంగా తిందామని వచ్చిన జంటకు పక్కింటివాళ్ల పిల్లల ఏడుపు ఎందుకు? ఓడల కంపెనీలు ఈ బాధను ఎప్పుడో కనిపెట్టి ధర కట్టాయి. వర్జిన్ వోయేజెస్ ఓడల్లో పద్దెనిమిది నిండని వాళ్లను అసలు ఎక్కించుకోరు. బ్రిటన్‌లో పి అండ్ ఓ వారి ‘ఆర్కేడియా’దీ అదే పద్ధతి. అన్నిటికంటే నాకు నచ్చింది డిస్నీ. మిక్కీ ఎలుకను చూపించి ప్రపంచంలోని పిల్లలందరినీ ఓడెక్కించేది వాళ్లే, ఆ ఓడలోనే ‘పాలో’ అనే ఇటాలియన్ హోటలు పెట్టి పద్దెనిమిదేళ్లు లేనిదే గడప తొక్కనివ్వనిదీ వాళ్లే. ఎమ్మెల్యేను ఎన్నుకునే వయసూ, అక్కడ సేమ్యాలాంటిది తినే వయసూ ఒకటే. ఎమ్మెల్యే విషయంలో మనం చేసే ఎంపికలు చూస్తే ఆ సేమ్యాకు ఇంకాస్త పెంచినా తప్పులేదు.

మా కర్నూలు, కడప ఏసీ ఫ్యామిలీ హోటళ్లలో ఈ గొడవే పుట్టదు. ఉగ్గాని బజ్జి, కారం దోశ, రాగిసంగటి ఆర్డర్ల కేకల ముందు ఏ పిల్లోడి ఏడుపూ నిలబడలేదు. చేతులు కడుక్కునే చోట అక్వేరియం, కౌంటరు మీద రంగుల సోంపు గిన్నె. పిల్లలు ఆ చేపలతో మాట్లాడి, ఈ సోంపు గుప్పెడు జేబులో పోసుకుని ఇంటికొస్తారు. వాళ్ల దృష్టిలో సోంపే అసలు భోజనం, మధ్యలో వచ్చేదంతా ఇందాకటి ఆ ఎడం.

గొప్ప హోటళ్లలో కిక్కురుమనకుండా కూర్చునే పిల్లలు లేరా అంటే, ఉన్నారు. వాళ్ల వెనక ఎవరున్నారో కూడా చూడాలి. కువైట్‌లో పెద్ద పెద్ద హోటళ్లలో షేకుల పిల్లలు పద్ధతిగా తింటుంటే పక్కన నిలబడి, లేదా కొస కుర్చీలో కూర్చుని, తినిపిస్తున్న ఆడమనిషిది రాయచోటో రాజంపేటో అయి ఉండటం వింత కాదు. ఉమ్మడి కడప జిల్లా పల్లెల నుంచి ఇంటిపనికి ఏళ్ల తరబడి పోతున్నారు వాళ్లు. ఆ పిల్లోడికి తినిపించాక, గదికి పోయి, ఊళ్లో తన పిల్లోడు తిన్నాడో లేదో ఫోన్లో అడుగుతుంది. మన కోడలు ఫోనుతో పిల్లోణ్ని తనకు దూరం చేసుకుంటే, ఆమెకు ఆ ఫోనే పిల్లోడు. పిల్లల పెంపకం మీద తీర్పులిచ్చే ఆ పెద్దావిడ ఈ టేబుల్ దగ్గరికి ఎప్పుడూ లేచి రాదు.

ఇంతా చేసి, పెద్ద పెద్ద ఓడల కంపెనీలు కోట్లు పోసి చివరికి కనిపెట్టిందేమిటి? రాయల్ కరీబియన్ వాళ్లు భోజనశాలలో పిల్లలకు ముందుగా, త్వరగా వడ్డించేసి, పెద్దవాళ్లు ఇంకా తింటుండగానే సిబ్బంది చేత వాళ్లను ఆటలగదికి పంపే ఏర్పాటు పెట్టారు. 2024 జనవరిలో మొదలైన వాళ్ల ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’లో ఏడు వేలకు పైగా ప్రయాణికులు పడతారు. అందులో చిన్నపిల్లల కుటుంబాలకని ఒక పేటే కట్టారు. బాగుంది. మా పెళ్లిళ్లలో దీన్ని చిన్నపిల్లల బంతి అంటారు. పెళ్లికూతురు ఇంకా పీటల మీద ఉండగానే “పిల్లోల్లను కూర్చోబెట్టండప్పా ముందు” అని ఏ ముసలాయనో అరుస్తాడు. చాపలు పరుస్తారు, ఆకులు పడతాయి, ఓళిగ మీద నెయ్యి పడుతుంది, పప్పులో కారం తగ్గించి వేరే గంటెతో వడ్డిస్తారు. పావుగంటలో బంతి లేస్తుంది, పిల్లలు పందిట్లో పరుగులు, పెద్దవాళ్లు తీరిగ్గా రెండో బంతి. దీనికి సిబ్బంది లేరు, పేటెంట్ లేదు, తలకింతని వసూలు చేయాలన్న ఆలోచన మా వంటవాళ్లకు ఇంకా రాలేదు.

కాబట్టి ఓడల యజమానులకు సీమ పక్షాన ఒక వేళల పట్టీ సమర్పిస్తున్నాను. సాయంత్రం అయిదున్నరకు మొదటి బంతి: పిల్లలు, వాళ్లతో పాటు జేజిలు, అబ్బలు. పంచెకు అనుమతి ఉంటుంది, పెరుగన్నం మెనూలో అచ్చువేసి ఉంటుంది, కథ చెప్పడం వచ్చినవాళ్లే వడ్డిస్తారు, రాజేమైనాడో తప్పకుండా చెబుతారు. ఏడున్నరకు రెండో బంతి: చెంచా పడితే నిట్టూర్చేవాళ్లు, వాళ్లకు చుట్టూ చెంచా పడినా చప్పుడు రాని మెత్తటి తివాచీ. తొమ్మిదిన్నరకు మూడో బంతి: స్పీకరు ఆన్ చేసి వెంచర్లు అమ్మేవాళ్లు. వీళ్లను మాత్రం లోపల కూర్చోబెట్టకండి. పై డెక్ మీద, గాలికి ఎదురుగా, సిగ్నల్ అందని కొసన ఆకులు వేయండి. ఆకులు ఎగిరిపోతే మళ్లీ వేయనక్కర్లేదు.