డల్లాస్ సారు మళ్ళీ వచ్చిండు

మా చెల్లెలి కొడుకు డల్లాస్ నుంచి ఫోన్ చేసి, "మామా, ఈసారి కూడా మన బళ్ళో పాఠాలు చెప్త" అన్నాడు. "ఈసారి కూడా" అనగానే నాకు నడుము పట్టేసింది. సేవ చేసేది వాడే. ఆ సేవను బండి వెనక ఎక్కించుకుని తిరుమలగిరి చౌరస్తా నుంచి బడిదాకా మోసేది మాత్రం నేను, పింఛను తీసుకుంటున్న మాజీ లెక్కల మాస్టర్ని.

2025 జూలై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీకి ముఖ్యమంత్రి తిరుమలగిరికి వస్తే ఏర్పాట్లన్నీ అధికారులు చూసుకున్నారు. మావాడొస్తే నేనొక్కణ్ణే. సీలు తీయని నీళ్ళ సీసా, దోమల క్రీము, సెల్లు చార్జరు, అన్నీ నా సంచిలోనే. పైగా దిగేది డిసెంబరు చివర్లో. క్రిస్మస్, సంక్రాంతి సెలవులు పోను మిగిలిన నాలుగు రోజుల్లో కూడా మధ్యాహ్నం రెండయ్యేసరికి పిల్లలు మేలుకొని ఉంటారు, సారు కునుకు తీస్తాడు.

అయినా హెడ్మాస్టరు వద్దనడు. నెలకు 12,000 రూపాయలకు పనిచేసిన విద్యా వాలంటీర్లను కరోనా తర్వాత మళ్ళీ తీసుకోలేదు. గేటు దాటి లోపలికొచ్చిన ఏ మనిషి చేతిలోనైనా చాక్‌పీసు పెట్టాలనిపించే కాలమిది. నేను గేటు బయటే బండి ఆపుకోవడానికి కారణం కూడా అదే.

మావాడికి అసలు తిప్పలు భాషతో. సూర్యాపేట ఇంకా నల్గొండ జిల్లాలో ఉన్న రోజుల్లో ఇదే బళ్ళో తెలుగు మీడియం చదివాడు. డల్లాస్‌లో ఏడాదంతా ఇంగ్లీషు మాట్లాడి నోరు చచ్చిపోయి, ఇక్కడ కడుపునిండా తెలుగు మాట్లాడదామని వస్తాడు. పిల్లలేమో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. సారు తెలుగు పేజీ తీస్తాడు, పిల్లలు ఇంగ్లీషు పేజీ తిప్పుతారు. "అమెరికా నుంచొచ్చి తెలుగు చెప్తడేంది?" అని వెనక బెంచీలో గుసగుస.

మధ్యాహ్నం పిల్లలతో పాటే బంతిలో కూర్చుంటాడు. అది చూసి వంటమ్మకు వాడి మీద జాలి. గుడ్డు పెట్టే రోజైతే ఇంకో గుడ్డు వేస్తుంది. ఈసారి వచ్చినప్పుడు వడ్డిస్తూనే అడిగింది.

"కార్డొచ్చిందా బిడ్డా?"

"ఇంకా రాలేదత్తా."

"పదేండ్లు తిప్పలువెట్టినా మాకు రేషన్ కార్డిచ్చిండ్రు గదా! నీకింకేందయ్యా? మీసేవల అర్జీ వెట్టినవా?"

పెట్టాడనీ, అది గ్రీన్ కార్డనీ, దానికి మీసేవ లేదనీ గేటు బయటి నుంచి నేనే చెప్పాల్సి వచ్చింది. "అట్లయితే ఎమ్మార్వో ఆఫీసుల అడగాలె" అని ఆవిడ తేల్చేసింది.

ఆ వేడిలోనే మావాడు ఏడో తరగతిలో శాతాలు మొదలుపెట్టాడు. ఉదాహరణ తన కష్టమే. ఉద్యోగస్తుల కోటాలో అమెరికా ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది నియమం. మరి మన దేశానికెన్ని? ముందు బెంచీ పిల్ల పలక కూడా ముట్టకుండా చెప్పింది, "9,800 సార్!"

అక్కడ ఆగినా బాగుండేది. మెచ్చుకున్న ఊపులో వాడు, "వరసల పది లక్షల మంది ఉన్నరనుకో, అందరికీ వచ్చేసరికి ఎన్నేండ్లయితది?" అన్నాడు. గది నిశ్శబ్దం. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, నేనూ గేటు మరిచి కిటికీ దగ్గరికి పోయి మనసులో భాగహారం చేశాను.

"102 ఏండ్లు సార్!" అన్నాడొక పిల్లగాడు. "శేషం 400."

"శభాష్!"

"మీరు భాగఫలంల ఉన్నరా సార్, శేషంల ఉన్నరా?"

మావాడు డస్టరందుకుని బోర్డంతా శుభ్రంగా తుడిచాడు. రేపటి నుంచి సైన్సు చెప్తాడట. పిల్లలకు శాతాలు బాగానే వచ్చేశాయని హెడ్మాస్టరుకు చెప్పి, మిగిలిన లెక్కల క్లాసులకు నా పేరు రాయించి వచ్చాడు.