సర్దుబాటు బాబాయి

మిరపకోతల రోజుల్లో తెల్లారకముందే సత్తెనపల్లి రోడ్డెక్కితే బాబాయిని చూడొచ్చు. చూడొచ్చంటే, ఆటో కనబడుతుంది, బాబాయి కనబడడు. డ్రైవరు సీట్లో అటొకరు ఇటొకరు కూర్చున్నాక ఆయనకు మిగిలేది ఒక పిర్ర ఆనేంత చోటు. హ్యాండిలు ఎవరి చంకలోంచి తిప్పుతున్నాడో ఆయనకే ఎరుక.

పర్మిట్ ప్రకారం ఎక్కాల్సింది ముగ్గురు. డ్రైవరు సీటు వెనక చెక్క కొట్టించి ఎదురు వరస వేశాడు. వెనక సామాన్ల చోట ఇద్దరు కుర్రాళ్లు కాళ్లు వేలాడేసుకుంటారు. అన్నం క్యారేజీలు పక్క కమ్మీకి. ఇక పట్టరనుకునేసరికి ఊరి చివర ఇంకో పిన్ని చెయ్యెత్తుతుంది. "కాస్త సర్దుకోండి అక్కా, ఆవిడేం లావు కాదులే" అంటాడు. ఆ మాట నిజమైన రోజులు తక్కువ.

చట్టం తెలియదనుకునేరు! అదనంగా ఎక్కిన ప్రతి తలకీ 200 రూపాయల జరిమానా అని 2019 సవరణ దగ్గర్నుంచీ ఆయనకి కంఠతా వచ్చు. అందుకే చెకింగుందని ఫోనొస్తే ముందే అందర్నీ దింపి, ముగ్గుర్ని మాత్రం ఉంచుకుంటాడు. "నడిచి రండమ్మా, పొద్దున్నే నడక ఒంటికి మంచిది." పోలీసుల ముందునుంచి పెళ్లికొడుకులా సాగిపోయి అవతలి మలుపులో ఆగుతాడు.

మలుపుల సంగతి మెకానిక్కు ఒకసారి చెప్పి చూశాడు. "ముందు ఒకటే చక్రం బాబాయ్. మలుపులో బ్రేకేస్తే బరువంతా ముందు మూలకి తూలుద్ది. అక్కడ నీకు చక్రం లేదు." బాబాయి అంతా శ్రద్ధగా విని, అద్దం ముందు నిమ్మకాయ, మిరపకాయల దండ మార్చాడు.

ఆయనకి ఒళ్లు మండేది బైకు మీద ముగ్గురెక్కితేనే. హెల్మెట్లు లేని కుర్రాళ్లు పక్కనుంచి దూసుకుపోతే, "ఒక్క బండి మీద ముగ్గురా! ప్రాణమంటే లెక్కలేదు వెధవలకి" అంటాడు. లోపలున్న పద్నాలుగుమందీ అవునంటారు. 2022లో మన దేశంలో హెల్మెట్టు పెట్టుకోక ప్రమాదాల్లో పోయినవాళ్లు 50,029 మంది కాబట్టి, ఆ తిట్టు మాత్రం న్యాయమే.

నాకు బాబాయి మీద కోపం సగమే. బేరం కుదిర్చేది కూలీల మేస్త్రి. ఎంతమంది ఎక్కితే తలకి అంత తగ్గుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి బస్సు ఉచితం, సంతోషం. కోతకెళ్లే మనిషికి బస్సు కావాల్సింది అయిదింటికి. మా ఊరికి మొదటి బస్సొచ్చేది ఎనిమిదిన్నరకి. డిపో మేనేజరుగారూ, ఈ కోతలయ్యేదాకా ఒక్క బస్సు అయిదింటికి వేయించండి.