రోడ్డెక్కిన వల

నేను పుట్టింది సముద్రం కోసం. ఫ్రాన్స్ పడమటి తీరాన, బ్రిటనీలో, అట్లాంటిక్ అడుగున బతికే మాంక్‌ఫిష్‌ను పట్టడం నా పని. పెద్ద నోరు, బరువైన ఒళ్లు, చూస్తే జడుసుకునే మొహం. అది పెనుగులాడితే నాసిరకం వల నిలవదు. అందుకే నన్ను గట్టిగా అల్లారు. ఎంత గట్టిగా అల్లినా ఏడాదో, రెండేళ్లో ఉప్పునీటిలో నానాక రిటైర్మెంటే. ఆ పైన రేవులో కుప్పగా పడుండటమే.

2025లో ఒక స్వచ్ఛంద సంస్థ ఆ కుప్పల్ని లారీలకెక్కించింది. రెండు విడతల్లో 280 కిలోమీటర్ల వలలు ఉక్రెయిన్ చేరాయి. డెన్మార్క్, స్వీడన్ జాలర్లూ తమ పాత వలలు పంపారు. ఖేర్సన్ నగరం వైపు వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా స్తంభాలు పాతి నన్ను పందిరిలా కట్టారు. కింద అంబులెన్సులు, రొట్టెల వ్యాన్లు, సైనికుల జీపులు.

ఇక్కడ నాకు చిక్కేవి ఎఫ్‌పీవీ డ్రోన్లు. నడిపేవాడు ఎక్కడో నేలమాళిగలో కళ్లకు గాగుల్స్ తగిలించుకుని, డ్రోన్ కెమెరా చూసేదే తానూ చూస్తూ, నేరుగా డ్రైవరు అద్దానికి గురిపెడతాడు. డ్రోన్ ఖరీదు కొన్ని వందల డాలర్లు. అది తగలబెట్టే ట్యాంకుది లక్షల్లో. ఇదివరకు యుద్ధంలో ముందు వరుస, వెనక వరుస అని ఉండేవి. కందకంలో ఉన్నవాడికి ప్రాణగండం, పది కిలోమీటర్ల వెనక వంటవాడికి కాస్త నిమ్మళం. ఆ తేడా పోయింది. ట్యాంకులు చెట్ల చాటున నక్కుతున్నాయి, గాయపడ్డవాణ్ణి తేవడానికి చక్రాల రోబోలు వెళుతున్నాయి. ఎంత పెద్ద వ్యూహమైనా నీళ్లూ, మందుగుండూ ఏ దారిన చేరతాయన్న దగ్గరే తేలుతోంది. నా ఉద్యోగం ఆ దారి మీదే.

మొదట్లో జామర్లు ఆదుకునేవి. రేడియో సంకేతాన్ని చెడగొడితే డ్రోన్ దారితప్పి కూలేది. 2024లో రష్యా, సన్నటి గాజు ఫైబర్‌ను వెనకాలే విప్పుకుంటూ ఎగిరే డ్రోన్లను దించింది. పది, ఇరవై కిలోమీటర్ల చుట్ట దాని ఒంటికే ఉంటుంది. సంకేతం ఫైబర్‌లో పోతుంటే జామర్ చేసేదేముంది? నాకు మాత్రం ఏ డ్రోనైనా ఒకటే: నా కన్నుల్లో రెక్క చిక్కిందా, మోటారు మొరాయిస్తుంది.

పొద్దుటి ఎండకు నా మీద వేలాడే ఆ గాజు దారాలు తళతళలాడతాయి. మరమ్మతుకొచ్చే కుర్రాడు ముందు వాటిని కోసి పారేసి, తర్వాతే నా చిరుగు అందుకుంటాడు. అతని ముడి బ్రిటనీ జాలరి ముడి కాదు, కాస్త వదులు. అయినా ఆ మాట చెవిన వేసుకునే తీరిక అతనికెక్కడిది!

వల కడితే డ్రోన్ల పని ఖతం అని సంబరపడేవాళ్లకు నా మాట: ఒకటి పేలి కన్నం చేస్తే రెండోది అందులోంచే దూరుతుంది. కొన్ని సందు చూసుకుని లోపలికొచ్చి, రోడ్డు పక్కన దిగి, బండి వచ్చేదాకా కాచుక్కూచుంటాయి. గాలికీ మంచుకీ నేను ఎలాగూ సాగి వదులైపోతాను.

అందుకే లారీ తొట్టిలో షాట్‌గన్ పట్టుకుని ఒకడు కూర్చుంటున్నాడు. నేను అడ్డమై గురి కుదరట్లేదని అతని గొణుగుడు. ఏంటెన్నాలు నాకు తగులుకుంటున్నాయని డ్రైవర్ల గొడవ. ఇంకాస్త ఎత్తున కట్టాలట. పొడుగు స్తంభాలు ఇంకా రాలేదు.