సున్నా రాసిన ఉదయాలు

ఈ పొద్దున నా గరాటులో నాలుగు వేపపూలు, ఒక గండుచీమ, అంచున రెండు మంచుబొట్లు ఉన్నాయి. వాన మాత్రం లేదు. ఎనిమిదిన్నరకి మాస్టారు వచ్చి, గరాటు పైకి తీసి, లోపలి సీసాని వెలుతురుకెత్తి చూసి, పుస్తకంలో తారీకు ఎదురుగా సున్నా పెట్టారు. పక్కనే చిన్న అక్షరాలతో ‘మంచు తగ్గింది, వేపపూత రాలుతోంది, గాలి దక్షిణం’ అని రాసుకున్నారు.

ఆకివీడులో ఈ వీధి పిల్లలు నన్ను వాన డబ్బా అంటారు. కాగితాల మీద నా పేరు సైమన్స్ వర్షమాపకం. జింకు రేకు ఒళ్లు, అయిదంగుళాల నోరు, నోటిచుట్టూ ఇత్తడి కట్టు. నా మొదటి జీవితం ఒక ఆఫీసు ఆవరణలో గడిచింది. అక్కడికి ఫైబరుది కొత్తది వచ్చాక నేను తుక్కులో పడ్డాను. లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు పాత ఇనుము కొట్లో నన్ను గుర్తుపట్టి, తూకానికి కొని, సైకిలు వెనక కట్టుకుని తెచ్చారు. అడుగున చిల్లుకి టంకం వేయించారు. పెరట్లో సిమెంటు దిమ్మలో నిలబెట్టి, నా అంచు నేలకి సరిగ్గా అడుగు ఎత్తున ఉండేట్టు మట్టపు బద్దతో సరిచూశారు. అడ్డొస్తుందని బాదం చెట్టు కొమ్మ కొట్టిస్తే ఇంట్లో అమ్మగారు రెండు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

నాతో రావలసిన కొలగాజు ఎప్పుడో పగిలిపోయింది. మాస్టారికి అదేమీ అడ్డు కాలేదు. నా నోటి వైశాల్యం కట్టి చూసుకున్నారు: 12.7 మిల్లీలీటర్లు చేరితే ఒక మిల్లీమీటరు వాన. అంతే, మందుల షాపులో 20 మిల్లీలీటర్ల సిరంజి కొనుక్కొచ్చారు. ఇప్పటికీ నా లెక్క దాంతోనే.

జూలైలో నా దగ్గరికి అందరూ వస్తారు. ఎంత పడింది, ఎంత పడింది అని గోడ మీంచి అడుగుతారు. ఫాల్గుణం వచ్చేసరికి ఎవరికీ గుర్తుండను. కానీ నా మాట నమ్మండి, ఈ కొల్లేటి గట్టున ఆకాశాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన కాలం ఇదే. దాళ్వా వరి అప్పుడే పూత మీద ఉంటుంది. పొద్దెక్కాక పూలు విచ్చుకునే ఆ కాసేపట్లో ఎండ 35 డిగ్రీలు దాటిందంటే గింజ పట్టదు, తాలు మిగులుతుంది. మామిడి పూత మీద పొగమంచు నిలిచిపోతే రైతుకి తేనెమంచు పురుగు దిగులు. ఇక చేపల చెరువుల సంగతి. మబ్బు పట్టి రెండు రోజులు ఎండ రాకపోతే నీళ్లలోని పచ్చనాచుకి ఊపిరి తయారుచేసే బలం ఉండదు. తెల్లవారుజామున శీలావతులు, బొచ్చెలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఏరియేటర్లు ఎప్పుడు వెయ్యాలో ముందే తెలియాలంటే నిన్నటి ఆకాశం ఎలా ఉందో ఎవరో ఒకరు చెప్పాలి.

అందుకే మాస్టారు ఒక్కరే కాదు, నలుగురు. ఉప్పుటేరు దాటితే కైకలూరు వైపు చెరువులు చేసే పాత శిష్యుడు. ఏలూరులో తోడల్లుడు. తాడేపల్లిగూడెంలో చెల్లెలు. అందరి దగ్గరా నాలాంటి డబ్బా లేదు, ఇద్దరికి ప్లాస్టిక్ గొట్టాలు ఉన్నాయి. దేశమంతా వాన లెక్క పొద్దున ఎనిమిదిన్నరకే తీస్తారు, అంటే గ్రీనిచ్‌లో మూడు గంటలు. వీళ్లూ ఆ వేళకే ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు.

“మీకెంతరా?”

“ఆయ్, సున్నానండి మాస్టారూ. మబ్బుగా ఉందండి. ఉప్పుటేట్లో సముద్రం నీరు పైకి ఎగదన్నుతోందండి. ఆటపాకలో గూడబాతు పిల్లలు రెక్కలాడిస్తన్నాయండి.”

మాస్టారు అన్నీ రాస్తారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర నాటికి మంచు ఎలా ఉంది, కోయిల ఏ రోజు మొదటిసారి కూసింది, పైరగాలి మధ్యాహ్నం ఎన్నింటికి లేచింది. ఏడేళ్ల పుస్తకాలు బీరువాలో ఉన్నాయి.

ఒకసారి మార్చిలో నా సీసాలో ఆరు మిల్లీమీటర్ల నీళ్లు తేలాయి. రాత్రి ఉరుము లేదు, మెరుపు లేదు. మాస్టారు ముగ్గురికీ ఫోన్ చేశారు: కైకలూరు సున్నా, గూడెం సున్నా, ఏలూరు సున్నా. నా చుట్టూ నేల చూస్తే మల్లెపాదు దాకా ఒకవైపే తడి. ముందురోజు సాయంత్రం కోడలు పెట్టిన పైపు! అంకె కొట్టేసి ‘పైపు నీళ్లు, వాన కాదు’ అని రాశారు. పక్క ఊళ్ల లెక్క తోడు లేకపోతే ఆకివీడులో ఆ రోజు వాన పడినట్టే పుస్తకంలో ఉండిపోయేది. అది నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. నా నోట్లో ఏది పడితే అది కొలతకొచ్చేస్తుంది. వానకీ పైపుకీ తేడా చెప్పాల్సింది మనిషే.

నా జాతికి ఈ తోడు కొత్తది కాదు. జార్జ్ సైమన్స్ అనే ఆయన 1860లో ఇంగ్లండు, వేల్స్‌లలో 168 చోట్ల నుంచి వాన లెక్కలు పోగుచేయడం మొదలుపెట్టాడు. 1900లో ఆయన పోయేనాటికి ఆ చోట్లు మూడు వేలు దాటాయి. వాళ్లలో చాలామంది జీతం లేని మామూలు జనం. అంతకు ఎంతో ముందే అర్థశాస్త్రంలో కౌటిల్యుడు ధాన్యపు కొట్టు ముందు మూరెడు నోరున్న పాత్ర పెట్టి వాన కొలవమన్నాడు. ధాన్యపు కొట్టు ముందే పెట్టమనడం చూడండి, వానకీ ధాన్యానికీ ఉన్న బంధం ఆయనకి తెలుసు. ఉగాది నాడు గుడిలో పంచాంగం చదివేటప్పుడు ఈ ఏటి వాన ఎన్ని కుంచాలో చెబుతారు కదా, ఆ మాట వినబడినప్పుడల్లా నా పెద్దవాళ్లని తలుచుకున్నట్టుంటుంది. మన రోజుల్లో సాయి ప్రణీత్ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి రకరకాల చోట్ల నుంచి వాతావరణ సమాచారం తీసి రైతులకి తెలుగులో చెబుతున్నాడని 2021 జూలై 25న ప్రధానమంత్రే ‘మన్ కీ బాత్’లో ప్రస్తావించారు. ఆ రోజు మాస్టారి మొహం చూడాలి.

నా బతుకులో ఒక లోటు చెప్పాలి. కిందటేడు ఫిబ్రవరిలో మాస్టారు మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో ఆరు రోజులున్నారు. అమ్మగారూ ఆయన దగ్గరే. ఆ ఆరు రోజులూ నన్నెవరూ తెరవలేదు. గరాటు మీద సాలీడు గూడు కట్టింది. ఇంటికొచ్చాక కుర్చీలో కూర్చుని మాస్టారు పుస్తకం తెరిచారు.

“ఆరు సున్నాలు పెట్టెయ్యండి. ఎక్కడా వాన లేదుగా” అన్నారు అమ్మగారు.

“నువ్వు చూశావా? నేను చూశానా? చూడంది ఎలా రాస్తాం?”

“గూడెంలో సున్నా అని మీ చెల్లెలు చెప్పిందిగా.”

“అది గూడెం సున్నా.”

ఆ ఆరు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి. సున్నా అంటే వచ్చి, తెరిచి, చూశాం, లేదు అని. ఖాళీ అంటే ఎవరూ రాలేదని. చదివేవాడికి రెండూ ఒక్కలా కనబడొచ్చు, నాకు మాత్రం ఆ ఖాళీలు వాన పడ్డ రోజులకన్నా బరువు. అమ్మగారు అప్పుడేమీ అనలేదు. మర్నాడు ఎనిమిదిన్నరకి నా మూత ఎత్తిన చెయ్యి ఆవిడది.

ఆ ఏప్రిల్లోనే అశ్విని కార్తె వచ్చింది. కోతలు అయ్యి, రోడ్డు వారల ధాన్యం ఆరబోశారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు దగ్గర పేచీ. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వాన రోజు. రోడ్డు మీద ధాన్యం ఉన్నవాడికి ఒక్క మిల్లీమీటరు చాలు, రాత్రి నిద్ర పట్టదు.

రాత్రి తొమ్మిదింటికి ఏలూరు నుంచి ఫోన్. “వదినగారూ, వాయవ్యంలో మెరుపులు. ఇక్కడ గాలి తిరిగింది, దుమ్ము లేస్తోంది.” అమ్మగారు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తారు. కైకలూరు శిష్యుడికి మాస్టారు మంచం మీంచే చెప్పారు. నా చోటు నుంచి నాకు కనబడేది కొంచెమే: గోడ అవతల టార్చిలైట్లు, బరకాలు లాగే చప్పుడు, “అటు కొస పట్టుకో” అనే కేకలు. పదిన్నరకి మొదటి చినుకు నా గరాటు మీద టప్పున పడింది. ఆ తరవాత చాలాసేపు నాకు ఇంకేం వినబడలేదు.

పొద్దున అమ్మగారు సిరంజితో కొలిచారు. నిండుగా ఏడు సార్లు, ఎనిమిదోసారి అయిదు గీతల దాకా. 145 మిల్లీలీటర్లు. మాస్టారు కాగితం మీద భాగించి, 11.4 అన్నారు. ఒకటి రెండు చోట్ల బరకం అంచున ధాన్యం తడిసిందట, మిగతాది నిలిచింది. కైకలూరు రెండు. ఏలూరు తొమ్మిది. గూడెం ఆడపడుచు, “మాకు చుక్క కూడా లేదు వదినా, రాయడానికేముంది” అంది.

“సున్నా చెప్పమ్మా, రాసుకుంటా.”

రాసి, సీసాలో మిగిలిన చుక్కలు మల్లెపాదులో వంపి, గరాటు తుడిచి మళ్లీ నా నెత్తిన పెట్టారు.