ఏసీ బకెట్టు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ఏసీ కింది బకెట్టులో నీరు నిలువ ఉంచరాదు.

టీక: "ఏసీ కింది" అనగా చుక్కచుక్కగా కారే నీటిని పట్టునది. "బకెట్టు" అన్నది ఉపలక్షణం. పాత టైరూ, మూతలేని డ్రమ్మూ, పూలకుండీ కింది పళ్ళెమూ ఇందులోనివే. ఎమిరేట్స్ లాంటి ఎడారి దేశంలో దోమలేమిటని పూర్వపక్షం. వాన పడకపోయినా అక్కడి కల్బా ఊరి గదుల్లో ఏసీలు రోజూ నీరు కారుస్తాయి. పడితే మరీ మంచిది, దోమకు! 2022 జూలైలో కల్బా వీధులు వరదలో మునిగాయి. 2024 ఏప్రిల్‌లో 75 ఏళ్ళలో ఎరగని వాన ఎమిరేట్స్‌ను ముంచెత్తింది; అక్కడినుంచి ఇళ్ళకు తిరిగి వెళ్ళిన ప్రయాణికులకు ఆ ఏడాది డెంగీ బయటపడింది. సరే, పక్కనే ఖోర్ కల్బా మడ అడవి ఉండగా బకెట్టు మీదనే కక్ష ఎందుకంటారా? ఉప్పునీటి మడుగుల్లో పెరిగే దోమలు వేరు. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై ప్రధానంగా మన ఇంటి చుట్టూ ఉన్న పాత్రల్లోని నీటినే కోరుతుంది, పగలే కుడుతుంది. మడను నరికితే అందులోని లకుముకి పిట్టకు చేటు తప్ప డెంగీకి నష్టం లేదు.

"నిలువ" అన్నదే సూత్రానికి ప్రాణం. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆ దోమ డెంగీ రోగి రక్తం తాగితే, దానిలో వైరస్ పేగు దాటి లాలాజల గ్రంథులకు చేరడానికి సుమారు 8 నుంచి 12 రోజులు. కాబట్టి గుడ్డు దోమ కాకముందే, వారానికోసారి పారబోస్తే పని తీరినట్టేనా? తీరదు. ఈడిస్ గుడ్లు నీటి అంచుకు పైన గోడకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. సూత్రకారుడు "తోమవలెను" అనే మాట మింగేశాడు. దాన్ని అధ్యాహారం చేసుకోవాలి.

ఒకసారి డెంగీ వచ్చిపోయినవాడికి భయమేమిటని మరో పూర్వపక్షం. డెంగీ వైరస్‌లు 4 రకాలు. ఒక రకానికి తయారైన యాంటీబాడీలు మరో రకాన్ని ఆపలేకపోగా, దాన్ని తెల్లరక్తకణాల్లోకి చేయి పట్టి తీసుకెళ్ళవచ్చు. అప్పుడు సన్న రక్తనాళాల గోడలు సడలి ప్లాస్మా బయటికి కారి, రక్తపోటు పడిపోవచ్చు. అదీ జ్వరం తగ్గి, గండం గడిచిందనుకున్న వేళ.

పశువుల మాటా చెప్పాలి. వెస్ట్ నైల్ వైరస్ పక్షుల్లో పెరిగి దోమల ద్వారా గుర్రానికీ మనిషికీ అంటుతుంది, కొందరికి మెదడు వాస్తుంది. కానీ గుర్రం, మనిషి రక్తంలోని వైరస్ మరో దోమకు అంటుకునేంత ఉండదు. దోమలే మోసే రిఫ్ట్ వ్యాలీ జ్వరంలో గొర్రెలు, మేకలు మందలు మందలుగా ఈసుకుపోతాయి. కోసేటప్పుడు రక్తం తగిలిన మనుషులకూ సోకుతుంది. 2000లో అది తొలిసారి ఆఫ్రికా ఖండం దాటి సౌదీలోని జీజాన్ ప్రాంతానికీ యెమెన్‌కూ వచ్చింది. డెంగీలో మాత్రం వైరస్‌ను పెంచి దోమకు అందించేది మనిషే.

తాత్పర్యం: అందుకే గదిలో ఒకరికి డెంగీ తేలితే పగలు కూడా దోమతెర కింద పడుకోబెట్టండి. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ ఇవ్వకండి. జ్వరం దిగిన రోజున కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే డ్యూటీ సంగతి తరవాత, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.