కరువు చూడ్డానికి బస్సు కట్టారు

కరువులో అధికమాసం అన్నారు పెద్దలు. పాపం, వాళ్లు కరువులో ఎక్స్‌కర్షన్ చూడలేదు. ఇప్పుడు బెంగళూరులోని ఖరీదైన బళ్లు ఏడో తరగతి పిల్లల్ని ఏసీ బస్సెక్కించి అనంతపురం పల్లెలకు తోలుకొస్తున్నాయి. ఎండిన చేను, ఎండిన రైతు, రెండూ ఒకే పూటలో. ఫీజు వేరే, టోపీ, టీషర్టు అందులోనే.

బస్సులోకి అందరికన్నా ముందు ఎక్కేవి ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు. ఊరి మీద జాలి అనుకునేరు. అవి పిల్లలు తాగడానికి, ఊరివాళ్లు చూడ్డానికి.

చెనిక్కాయ చేని గట్టున టీచరమ్మ మైకు అందుకుంటుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, రాసుకోండి. రాసుకుంటారు. ఆ కాస్త వానా విత్తేటప్పుడు రాక, ఊడలు దిగేటప్పుడు రాక, కాయ పీకి కుప్పేశాక కురిస్తే ఏమవుతుందో రాయడానికి వర్క్‌షీట్‌లో గడి లేదు. 2016లో రెయిన్ గన్లతో కరువును జయించామని ఏలినవారు చాటుకున్నారు. ఆ ఏడాది కరువు మండలాల జాబితాలోనూ ఈ జిల్లా ఉంది. ఇలాంటివి చెబితే పిల్లలు తికమకపడతారని కాబోలు, మైకు అటు పోదు.

తరవాత ముఖాముఖి. ఒక పాప అరుగు మీది పెద్దాయన్ని అడుగుతుంది.

“తాతా, మీకు నీళ్లెందుకు లేవు?”

“బోర్లేసినాం తల్లీ. వెయ్యడుగులు పోయినా దుమ్మే లేసె. నీళ్లు ఊరకపాయె, వడ్డీ మాత్రం ఊరుతాంది.”

టీచరమ్మ చప్పున అడ్డుపడుతుంది. వడ్డీ సైన్సులో రాదమ్మా, అది లెక్కల పీరియడ్. పద, సెల్ఫీ దిగుదాం.

తిరిగెళ్లాక పరీక్ష. కరువుకు కారణమేమి? వానలు లేకపోవుట, రెండు మార్కులు. చెట్లు నరుకుట, ఇంకో మార్కు. విత్తనాల ధర, ఊళ్లో అప్పు, పంట పోయిన ఎన్నాళ్లకో వచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ, పండిననాడు గిట్టని రేటు అని రాసిన కుర్రాడికి సున్నా. వాళ్ల నాన్నకు కబురు కూడా. ఆకాశం మీదికి నెడితే ఎవరికీ కోపం రాదు కదా. అది ఎన్నికల్లో నిలబడదు, స్కూలు ట్రస్టులో సభ్యురాలూ కాదు.

అదే ఊళ్లో సర్కారు బడీ ఒకటుంది. అందులో కొన్ని బెంచీలు ఖాళీ. ఆ పిల్లలూ ఎక్స్‌కర్షన్‌కే వెళ్లారు లెండి, అమ్మానాన్నల వెంట, బెంగళూరుకు, ఇటుకలు మొయ్యడానికి. వాళ్ల పర్యటనకు తేదీ లేదు, తిరుగు బస్సూ లేదు, వర్క్‌షీటూ లేదు.

కరువును దగ్గరనుంచే చూపించాలంటే రెండొందల కిలోమీటర్లు రావడం దేనికి? 2024 మార్చిలో తాగే నీళ్లతో కారు కడిగితే 5000 రూపాయల జరిమానా అన్నది ఆ బెంగళూరే. ట్యాంకరు కోసం ఎదురుచూసిన అపార్ట్‌మెంట్లూ అక్కడివే. ఆ అపార్ట్‌మెంట్లు కట్టిన కూలీల రేకుల షెడ్లు ఇలాంటి బళ్ల ప్రహరీలకు అవతలే ఉంటాయి. చెనిక్కాయ ఎప్పుడు విత్తాలో, బోరు ఎందుకు ఎండిందో, అప్పు ఎవరిదో అక్కడి ఏ తల్లినడిగినా చెబుతుంది. గేటు తీసి నాలుగడుగులు నడిస్తే చాలు. నాలుగడుగులకు ఫీజెంత వసూలు చేయొచ్చో మాత్రం యాజమాన్యానికి ఇంకా తేలలేదు.